పాతబస్తీ పెట్టే పరీక్ష

రంజాన్ నెలలో రాత్రి పదకొండు గంటలకు లాడ్ బజార్ మలుపులో నిలబడి చార్మినార్ వైపు ఫోన్ ఎత్తండి. ఆ ఒక్క ఫ్రేములోకి ఎన్ని రకాల వెలుగులు వచ్చి పడతాయో గమనించండి. పైన నల్లటి ఆకాశం. దాని ముందు పసుపు ఫ్లడ్‌లైట్లలో మినార్లు. కింద గాజుల దుకాణాల తెల్లటి ఎల్ఈడీలు, వాటి కింద మిరుమిట్లు గొలిపే అద్దాలూ రాళ్లూ. ఆ వెలుగుకు వీపు పెట్టి మన వైపు నడిచి వచ్చే మనుషుల ముఖాలు. నల్ల బురఖా, తెల్ల కుర్తా పక్కపక్కనే. వీటిలో ఏదీ ఒక్క క్షణం కుదురుగా ఉండదు.

లక్ష రూపాయలకు అటూ ఇటూ పలికే ఫోన్లలో ఎవరి కెమెరా మేలు అన్న ప్రశ్నకు ప్రయోగశాలలు తమ పద్ధతిలో జవాబు చెబుతాయి. స్పష్టత కొలవడానికి నలుపు తెలుపు గీతల పటం, రంగులు కొలవడానికి 24 గడుల పటం గోడకు తగిలించి, దీపాల వెలుగును లెక్క ప్రకారం మారుస్తూ ఫోటోలు తీస్తారు. ఆ రంగుల పటం 1976 నుంచీ వాడుకలో ఉంది. ఫ్రాన్స్‌లోని డీఎక్స్‌ఓమార్క్ లాంటి సంస్థలు ఈ పరీక్షలకు బయట తీసిన ఫోటోలను కూడా జతచేసి మార్కులు వేస్తాయి. ఆ శ్రమను నేను తక్కువ చేయను. కానీ అన్నీ కలిపి చివరికి ఒకే అంకెగా మార్చేసరికి, మన వీధిలో మన వాళ్ల ముఖం ఎలా వస్తుందన్న సంగతి అందులో కలిసిపోతుంది. పైగా ఖరీదైన ఫోన్లన్నీ పటాల పరీక్షలో మంచి మార్కులే తెచ్చుకుంటున్నాయి. తేడా బయటపడాలంటే వెలుగు వాటిని ఇబ్బంది పెట్టాలి. ఆ పని పాతబస్తీ చేసినట్టు పటం చేయలేదు.

ముందు మెగాపిక్సెళ్ల లెక్క తేల్చుకుందాం. ఫోన్ అమ్మేవాళ్లు మొదట చెప్పేది అదే. 2024లో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ఎస్24 అల్ట్రా ప్రధాన కెమెరాకు 200 మెగాపిక్సెళ్లు. దానికి కొన్ని నెలల ముందు వచ్చిన ఐఫోన్ 15 ప్రో మ్యాక్స్‌కు 48. గూగుల్ పిక్సెల్ 9 ప్రోకు 50. నాలుగు రెట్ల తేడా అని చూడగానే అనిపిస్తుంది. ఇప్పుడు ఒక్కో పిక్సెల్ వెడల్పు చూడండి. శాంసంగ్‌లో 0.6 మైక్రాన్లు, ఐఫోన్‌లో 1.22, గూగుల్‌లో 1.2. పిక్సెళ్ల సంఖ్యను వాటి వెడల్పుతో గుణిస్తే మూడు సెన్సర్ల కొలతా దాదాపు ఒకటే తేలుతుంది: 9.8 మిల్లీమీటర్ల పొడవు, 7.3 మిల్లీమీటర్ల వెడల్పు. ఆ తర్వాత వచ్చిన ఐఫోన్ 16 ప్రోలో, గెలాక్సీ ఎస్25 అల్ట్రాలో కూడా ప్రధాన సెన్సర్ పిక్సెళ్ల లెక్క ఇదే. ఒకే పొలాన్ని నాలుగు మడులు చేసినా పదహారు మడులు చేసినా దాని మీద పడే వాన ఒకటే.

రాత్రి వేళ శాంసంగ్ ఫోన్ పదహారు పిక్సెళ్లను కలిపి ఒకటిగా లెక్కిస్తుంది, ఐఫోన్ నాలుగింటిని కలుపుతుంది. రెండూ చివరికి తేలేది సుమారు 12 మెగాపిక్సెళ్ల దగ్గరే. పట్టపగలు మంచి ఎండలో 200 మెగాపిక్సెళ్లు కొంత పనికొస్తాయి. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడి తీసిన ఫోటోలో చార్మినార్ గడియారం వరకే కత్తిరించుకుంటే వివరం ఎక్కువ మిగులుతుంది. చీకటి పడ్డాక ఆ అంకెకు పెద్ద విలువ లేదు. వెలుగు నిజంగా ఎక్కువ పట్టాలంటే సెన్సరే పెద్దది కావాలి. షావోమీ 14 అల్ట్రా, వివో ఎక్స్100 ప్రో లాంటివి ఆ దారిలో వెళ్లాయి. వాటిలోది ఒక అంగుళం రకం సెన్సర్, అసలు కొలత సుమారు 13.1 × 9.8 మిల్లీమీటర్లు. వైశాల్యం మిగతా వాటికంటే సుమారు 1.8 రెట్లు. ఇది భౌతికమైన లాభం, ప్రకటనల్లో మాట కాదు. అయితే ఫోన్ వీపు మీద ఆ గుండ్రటి దిమ్మె ఎందుకు అంత లావుగా పొడుచుకొచ్చిందో కూడా దీంతోనే అర్థమవుతుంది.

ఈ నగరంలో ఒకప్పుడు కెమెరా ఎంత పెద్ద తలాన్ని వాడిందో తెలిస్తే ఈ మిల్లీమీటర్ల పోటీ ఎంత ఇరుకైనదో తెలుస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు రాజా దీన్ దయాళ్ (1844–1905) గాజు పలకల మీద ఫోటోలు తీశారు. రూర్కీలో ఇంజినీరింగ్ చదివి, సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి, హైదరాబాద్ దర్బార్లనూ భవనాలనూ మనుషులనూ చిత్రాలుగా నిలబెట్టిన మనిషి ఆయన. ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం 1989లో సేకరించిన ఆయన గాజు నెగెటివ్‌లే 2,857. ఆ కాలంలో మామూలుగా వాడిన 8 × 10 అంగుళాల పలక తీసుకున్నా దాని వైశాల్యం 51,600 చదరపు మిల్లీమీటర్లు. మన చేతిలోని ఫోన్ సెన్సర్ 72. ఏడు వందల రెట్ల తేడా. ఆ పలకల్లో తలపాగా మడతలూ ముత్యాల వరుసలూ విడివిడిగా కనిపిస్తున్నాయంటే వింత లేదు. కానీ ఆ వివరం కోసం ఆయన వెలుగున్న వేళ చూసుకోవాలి, మనుషులను కదలకుండా నిలబెట్టాలి. లాడ్ బజార్ రాత్రిని, ఆ తోపులాటతో సహా, ఆ పలక పట్టలేదు. ఏడు వందలో వంతు తలంతో ఫోన్ దాన్ని పట్టగలుగుతోంది. ఈ లోటును అది పూడ్చుకునేది గణితంతో.

వెలుగు ఎడతెగని ధారగా రాదు. ఫోటాన్లనే విడివిడి రేణువులుగా, క్రమం లేకుండా వచ్చి పడుతుంది. ఒక పిక్సెల్ మీద సగటున 100 ఫోటాన్లు పడతాయనుకుంటే ఒకసారి 92 పడతాయి, ఒకసారి 110. ఈ హెచ్చుతగ్గు సగటుకు వర్గమూలమంత ఉంటుంది: వందకు పది, అంటే పది శాతం. చీకటి ఫోటోలో ఇసుక చల్లినట్టు కనిపించే గరుకుదనం చాలావరకు ఇదే. సెన్సర్ లోపం కాదు, వెలుగు స్వభావం. అదే చోట తొమ్మిది ఫోటోలు తీసి కలిపితే ఫోటాన్లు 900, హెచ్చుతగ్గు 30. అంటే మూడు శాతం పైచిలుకు. తొమ్మిది ఫ్రేములతో గరుకు మూడో వంతుకు దిగింది.

2013లో నెక్సస్ 5 ఫోన్‌తో గూగుల్ తెచ్చిన హెచ్‌డీఆర్ ప్లస్ పద్ధతి వెనక సూత్రం ఇదే. 2018 నవంబరులో వచ్చిన నైట్ సైట్ దీన్ని ఇంకా ముందుకు తీసుకుపోయి, చేతి కదలికనూ ఎదుటి కదలికనూ అంచనా వేసి 6 నుంచి 15 ఫ్రేముల దాకా కలిపేది. మరుసటి ఏడాది ఐఫోన్ 11లో నైట్ మోడ్ వచ్చింది. ఇవాళ ఏ పెద్ద కంపెనీ అయినా చేసేది ఈ పనే. మీరు బటన్ నొక్కిన క్షణంలో మీకు కనిపించేది ఒక్క ఫోటో, ఫోన్ తీసింది ఒక కట్ట. చేతి వణుకు కూడా వృథా పోదు. ఆ సన్నటి వణుకు వల్ల ఒక్కో ఫ్రేమూ ఎదుటి దృశ్యాన్ని వెంట్రుకవాసి పక్కకు జరిగి చూస్తుంది. ఆ జరుగుళ్లను కలిపి, ఒక్క ఫ్రేములో లేని వివరాన్ని రాబట్టే పద్ధతిని గూగుల్ 2018లో పిక్సెల్ 3 జూమ్‌లో వాడింది. ఫోటో చెదరగొడుతుందని తరాలుగా తిట్టుకున్న వణుకును పనికి పెట్టిన ఆ ఆలోచన నాకు ఈ రంగంలో అన్నిటికంటే అందమైనది.

చిక్కంతా కదిలే వాటితో. చార్మినార్ కదలదు కాబట్టి దాని మీది సున్నపు పూతలో తీర్చిన పూలూ లతలూ పది ఫ్రేముల నుంచి పదునుగా తేలతాయి. దాని ముందు నడిచే మనిషి ప్రతి ఫ్రేములో వేరే చోట ఉంటాడు. అన్నీ కలిపితే దయ్యంలా పలుచబడిపోతాడు. అందుకని సాఫ్ట్‌వేర్ ఒకదానితో ఒకటి సరిపోలని చోట మిగతా ఫ్రేములను పక్కనబెట్టి, ఒకటో రెండో మాత్రమే ఉంచుకుంటుంది. అక్కడ గరుకు మిగులుతుంది. దాన్ని నునుపు చేయబోయి ముఖాన్ని మైనపు బొమ్మ చేస్తుంది. ఫోన్ల మధ్య అసలైన తేడా ఇక్కడ వెతకండి. కట్టడం అందరూ బాగానే తీస్తారు. ఆ కట్టడం ముందు పరుగెత్తే పిల్లాడి కళ్లు, అత్తరు సీసా అందిస్తున్న చేతి వేళ్లు ఎవరు నిలబెట్టారో చూడండి.

తర్వాతి ప్రశ్న గణితంతో తేలేది కాదు. రాత్రి ఎంత చీకటిగా ఉండాలి? ఫ్రేములన్నీ కలిపాక కావాలంటే ఆకాశాన్ని బూడిదరంగు దాకా లేపవచ్చు, చీకటి సందును పగలులా వెలిగించవచ్చు. నైట్ సైట్ రూపకర్తలు ఇందుకు పాత తైలవర్ణ చిత్రకారులను ఆశ్రయించారు. రాత్రి దృశ్యం వేసేటప్పుడు వాళ్లు నీడలను నల్లగానే వదిలి, వెలుగూ నీడల తేడా పెంచి, చుట్టూ చీకటి మిగిల్చేవారు. పిక్సెల్ ఫోన్లు నీడలను ముదురుగా ఉంచుతాయనీ, ఐఫోన్లు వాటిని తేటపరుస్తాయనీ, శాంసంగ్ రంగును కాస్త ఎక్కిస్తుందనీ సమీక్షకులు చాలాకాలంగా చెబుతున్న మాట ఇలాంటి ఇష్టాయిష్టాల నుంచి పుట్టిందే. వివో వాళ్లు జైస్‌తో, షావోమీ వాళ్లు లైకాతో జతకట్టింది కటకాల కోసమే కాదు, ఆ పేర్ల వెనకున్న రంగుల అభిరుచి కోసం కూడా. ప్రతి ఏటా సాఫ్ట్‌వేర్ మారుతుంది కాబట్టి ఈ లక్షణాలు శాశ్వతం కావు. నా తీర్పు మాత్రం మారదు: చార్మినార్ వెనక ఆకాశం రాత్రి పదకొండింటికి నల్లగా ఉండాలి. దాన్ని నీలంగా చూపించే ఫోన్, ఎంత వివరం రాబట్టినా, అక్కడ లేని వేళను చూపిస్తున్నట్టే.

రంగుల దగ్గరికి వస్తే పాతబస్తీ ఇంకా కఠినం. సెన్సర్‌కు సొంతంగా రంగు తెలియదు. కొడాక్ శాస్త్రవేత్త బ్రైస్ బేయర్ 1976లో పేటెంట్ పొందిన అమరిక ప్రకారం పిక్సెళ్ల మీద గడులుగా రంగు వడపోత పొర ఉంటుంది: సగం ఆకుపచ్చ, పావు ఎరుపు, పావు నీలం. మిగతాది ఊహించి పూరించుకోవడమే. ఆ వెలుగు పసుపుదా తెల్లదా అన్నది కూడా ఫోన్ ఊహించాలి. దృశ్యంలోని రంగులన్నీ సగటున బూడిదరంగుకు వస్తాయన్నది ఆ ఊహల్లో అన్నిటికంటే పాతది. లక్క గాజుల దుకాణంలో ఆ ఊహ కూలిపోతుంది. నేల నుంచి కప్పు దాకా ఎరుపు, పసుపు, బంగారు రంగే ఉంటే ఫోన్ ఆ ఎరుపును వెలుగు దోషంగా పొరబడి నీలం కలుపుతుంది. లేదా ఎరుపు పిక్సెళ్లు నిండిపోయి, గాజు మీద పొదిగిన రాళ్ల మధ్య గీతలు కనబడకుండా ఎర్రటి ముద్ద మిగులుతుంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాటిని కొనేవాళ్లలో ఎందరో దుకాణంలో ఫోటో తీసి "ఈ ఎరుపు చీర అంచుకు కలుస్తుందా అక్కా?" అని ఇంటికి పంపి, జవాబు వచ్చాకే డబ్బులిస్తారు. కెమెరా రంగు తప్పితే బేరం తప్పినట్టే. పక్కనే పత్తర్‌గట్టీలో ముత్యాలు ఇంకో పరీక్ష పెడతాయి. ముత్యానికి దాదాపు సొంత రంగు లేదు, మెరుపు మెత్తన. దాని తెలుపు ఫోటోలో పచ్చగా వచ్చిందంటే ఫోన్ వెలుగును తప్పుగా లెక్కించిందన్నమాట. ఆ మెరుపు తెల్లటి చుక్కగా మాడిపోయిందంటే వెలుగు ఎక్కువ పట్టింది.

దుకాణాల్లో ఫోటో మీద అడ్డంగా నల్లటి చారలు రావడం చాలామంది చూసే ఉంటారు. మన కరెంటు సెకనుకు 50 ఆవృతాలు, కాబట్టి చవక ఎల్ఈడీ దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. సెన్సర్ వరుస తర్వాత వరుసగా చదువుతుంది. వెలుగు ఎక్కువైందని ఫోన్ షట్టర్‌ను సెకనులో వెయ్యో వంతుకు కుదిస్తే కొన్ని వరుసలకు దీపం వెలిగినప్పుడు వంతు వస్తుంది, కొన్నిటికి ఆరినప్పుడు. ప్రో మోడ్‌లో షట్టర్‌ను సెకనులో 100వ వంతుకో 50వ వంతుకో పెడితే చారలు పోతాయి.

ముఖాల సంగతి దీనికంటే బరువైనది. ఫిల్ము కాలంలో ఫోటో ల్యాబులు రంగులు సరిచూసుకునే కొడాక్ కార్డుల మీద దశాబ్దాల పాటు తెల్లజాతి స్త్రీ బొమ్మే ఉండేది. చామనఛాయ, నలుపు ఒంటిరంగులు ఆ కొలతకు సరిగా ఒదగలేదు. డిజిటల్ కాలంలోనూ ఆ వంకర వెంటనే పోలేదు. 2021లో పిక్సెల్ 6తో గూగుల్ రియల్ టోన్ అని ప్రత్యేకంగా దీని మీద పని చేసింది. మరుసటి ఏడాది హార్వర్డ్ సామాజిక శాస్త్రవేత్త ఎల్లిస్ మాంక్ రూపొందించిన పది ఛాయల కొలబద్దను వాడుకలోకి తెచ్చింది. యంత్రం తాను చూసిన ఫోటోల నుంచే నేర్చుకుంటుంది, చూడనిది దానికి తెలియదు. ఈ మాట హైదరాబాద్‌కు బాగా తెలుసు. విదేశీ రోడ్ల ఫోటోలతో శిక్షణ పొందిన యంత్రాలు మన రోడ్ల మీద తడబడతాయని గుర్తించి, ఇక్కడి ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 2018లో హైదరాబాద్, బెంగళూరు రోడ్ల మీద తీసిన 10,000 చిత్రాల భాండాగారాన్ని విడుదల చేశారు. అది డ్రైవరు లేని కార్ల కోసం. మన ముఖాలకూ మన వీధి దీపాలకూ అలాంటి పని జరగాలి. కొనేటప్పుడు మాత్రం మీ అమ్మ ముఖం ఏ ఫోన్‌లో ఆమె రంగులోనే వచ్చిందో చూసి నిర్ణయించుకోండి. అనవసరంగా తెల్లబరిచిన ముఖాన్ని మెచ్చుకోకండి.

ఇక చంద్రుడు. చాంద్ రాత్ నాడు నెలవంక కోసం ఇక్కడ వేల కళ్లు పడమటికి తిరుగుతాయి, వేల ఫోన్లు కూడా. 2023 మార్చిలో ఒక ఔత్సాహికుడు కావాలనే మసకబార్చిన చంద్రుడి బొమ్మను తెర మీద పెట్టి శాంసంగ్ ఎస్23 అల్ట్రాతో ఫోటో తీస్తే, బొమ్మలో లేని గోతులూ మచ్చలూ ఫోటోలో వచ్చాయి. చంద్రుణ్ని గుర్తుపట్టినప్పుడు కృత్రిమ మేధతో వివరాన్ని పెంచుతామనీ, ఆ సదుపాయాన్ని ఆపుకోవచ్చనీ కంపెనీ వివరించింది. ఎంత వివరం నిజమో మనమే లెక్కవేయవచ్చు. ఆ ఫోన్ పది రెట్ల జూమ్ కటకం ద్వారం వ్యాసం సుమారు ఐదున్నర మిల్లీమీటర్లు. అంత ద్వారం నుంచి వెలుగు వంగడం వల్ల 25 ఆర్క్ సెకన్లకంటే దగ్గరగా ఉన్న రెండు బిందువులు కలిసిపోతాయి. చంద్రబింబం వెడల్పు సుమారు 1,800 ఆర్క్ సెకన్లు. అంటే బింబం అడ్డంగా విడివిడిగా కనిపించగల బిందువులు 70 చిల్లర. ఐఫోన్ ఐదు రెట్ల కటకం ద్వారం కూడా దాదాపు అంతే. ఇది కంపెనీల చేతిలో ఉన్న హద్దు కాదు, ప్రకృతి గీసింది. దానికి మించి గోతుల అంచులు పదునుగా కనిపిస్తే ఆ వివరం చంద్రుడి నుంచి రాలేదు. నెలవంకను కంటితో చూడడమే సంప్రదాయంగా ఉన్నచోట, కొరత పూరించే సాఫ్ట్‌వేర్ తీసిన ఫోటోను సాక్ష్యంగా చూపడం తగదు.

ఈ మాటలన్నీ సాఫ్ట్‌వేర్ దగ్గరికే తిరిగి వస్తున్నాయి కదా. దానికి ఒక నిదర్శనం ఉంది. అమెరికా సమీక్షకుడు మార్క్వెస్ బ్రౌన్లీ 2022లో ఫోన్ల పేర్లు దాచి, జతలు జతలుగా ఫోటోలు చూపి జనంతో ఓట్లు వేయించాడు. రెండు కోట్లకు పైగా ఓట్లు పడ్డాయి. మొత్తం మీద గెలిచింది లక్ష రూపాయల ఫోన్ కాదు, మధ్యతరగతి ధర పిక్సెల్ 6ఏ. అందులోది అప్పటికే ఏళ్లనాటి 12 మెగాపిక్సెళ్ల సెన్సర్. అయితే ఇలాంటి ఓట్లకు ఒక బలహీనత కూడా ఉంది: పక్కపక్కన పెడితే కాస్త వెలుగెక్కువున్న ఫోటో వైపే కన్ను మొగ్గుతుంది. గెలిచిన ఫోటో నచ్చినది, నిజమైనదే అవ్వాలని లేదు.

మీరే పోల్చాలనుకుంటే రెండు ఫోన్లనూ ఒకే చోట, ఒకే నిమిషంలో ఎత్తండి. వీధి వెలుగు నిమిషానికోలా మారుతుంది. కటకాన్ని ముందు గుడ్డతో తుడవండి, వేలిముద్ర జిడ్డు చాలు దీపాల చుట్టూ పొగమంచు కమ్మడానికి. ఒకే దృశ్యాన్ని నాలుగైదు సార్లు తీసి, బాగా వచ్చినదాన్ని కాదు, అన్నిటికంటే చెడ్డగా వచ్చినదాన్ని పక్కకు తీయండి. ఎక్కువసార్లు మోసం చేయని ఫోనే మంచి ఫోన్. ఎవరి తెర మీద వాళ్ల ఫోటో చూసుకోవద్దు, ప్రతి కంపెనీ తన ఫోటోను తన తెర మీద ధగధగలాడేలా చూపిస్తుంది. రెండింటినీ ఒకే కంప్యూటరు మీదకు ఎక్కించి చూడండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోతుంది. హెచ్‌డీ ఎంపిక 2023లో వచ్చింది గానీ అసలు ఫైలే మేలు.

నా అభిప్రాయం అడిగితే, పట్టపగటి ఫోటోల కోసం లక్ష రూపాయలు పెట్టక్కర్లేదు. దూరపు వస్తువులు దగ్గరగా కావాలన్నా, చీకట్లో కదిలే మనుషులు కావాలన్నా పెద్ద ఫోన్‌కు డబ్బు పెట్టడంలో అర్థం ఉంది. తెలుగులో ఫోన్లను సమీక్షించే మిత్రులకు ఒక విన్నపం: పార్కుల్లో పూలనూ ఎండలో మేడలనూ పోల్చింది చాలు. దీపాలు వెలిగాక పాతబస్తీకి వెళ్లండి. మదీనా కూడలి నుంచి చార్మినార్ దాకా నడవండి, అనుమతి అడిగి మనుషుల ముఖాలు తీయండి, దిద్దని అసలు ఫైళ్లను పాఠకుల చేతికివ్వండి. మార్కులు వాళ్లు వేసుకుంటారు.